కొల్లేటి ఒడ్డున కలం కొలువులు

ఈ ఉపన్యాసం ఏ ఒక్క ప్రముఖుని పేరు మీదా లేదు. పంచాయతీ ఆఫీసు, పోలీసు స్టేషన్, ఆసుపత్రి చుట్టూ సైకిలు తొక్కి వార్తలు ఏరుకొచ్చి, సాయంత్రానికి వాటిని బస్సు డ్రైవరు చేతికిచ్చి పట్నం పంపిన పల్లె విలేకర్ల స్మృతికి నిర్వాహకులు దీన్ని అంకితం చేశారు. వాళ్లను పొగుడుతూ గంట గడపవచ్చు. అంతకంటే, ఆ పనిలోకి ఇప్పుడు రావాలనుకుంటున్నవాళ్లకు అక్కరకొచ్చే మాట చెబితే వాళ్ల ఆత్మ శాంతిస్తుందనుకుంటాను.

పత్రికలోనో, కమ్యూనికేషన్స్ విభాగంలోనో, పీఆర్‌లోనో ఉద్యోగం ఎలా దొరుకుతుందని అడిగే డిగ్రీ పిల్లలకు మన దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉంటాయి. తెలుగు బాగా రాయాలి, జర్నలిజం డిప్లొమా ఉండాలి, పైన తెలిసినవాళ్లుండాలి. మూడింటిలోనూ కొంత నిజముంది. కానీ తెలుగు బాగా రాసేవాళ్లకు కృష్ణా, గోదావరి మధ్య నేలలో ఎన్నడూ కరువు లేదు. డిప్లొమా దూరవిద్యలో కూడా దొరుకుతుంది. సిఫార్సు మొదటి నెల జీతం దాకా తీసుకెళ్తుందేమో గానీ, మొదటిసారి సిబ్బందిని తగ్గించే రోజున ఆదుకోదు. నా వాదన ఇది: ఏదో ఒక విషయాన్ని డెస్కులో కూర్చున్నవాళ్లకన్నా బాగా తెలుసుకుని వచ్చినవాళ్లకే ఈ రంగంలో కొలువు దొరుకుతుంది, దొరికాక నిలుస్తుంది. అలాంటి విషయాలు మనకు పొలిమేర దాటకుండానే ఉన్నాయి. వాటిని వదిలేసి మన పిల్లలు ఖాళీ చేతులతో హైదరాబాద్ బస్సెక్కుతున్నారు.

ముందు చరిత్ర చూద్దాం. తెలుగు పత్రికలో జీతం ఎవరిచ్చారు? 1902లో మచిలీపట్నంలో పుట్టిన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా నడిపారు. దాన్ని ఎవరూ ఉద్యోగమనుకోలేదు, దీక్ష అనుకున్నారు. ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. దాని వెనక ఉన్న డబ్బు 1893లో ఆయన పెట్టిన అమృతాంజనం కంపెనీది. అంటే ఆంధ్రపత్రికలో సబ్ ఎడిటరు జీతంలో కొంత తలనొప్పి మందు సీసాల నుంచి వచ్చిందన్నమాట. 1938లో ఆంధ్రప్రభ వెనక గోయెంకా గారి ఎక్స్‌ప్రెస్ సంస్థ ఉంది. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో ఈనాడు మొదలుపెట్టిన పెదపారుపూడి రామోజీరావు గారికి అప్పటికే మార్గదర్శి చిట్‌ఫండ్ ఉంది. పాఠకుడిచ్చే పత్రిక ధర కాగితం ఖర్చుకే చాలనప్పుడు, మరో వ్యాపారమో, ప్రకటనలో, రాజకీయ అవసరమో పత్రికను నిలబెట్టాలి. ఆ ఆధారం కదిలిన రోజున లోపల ఎంత మంచి రచయితలున్నా లాభం లేదు. ఆంధ్రపత్రిక 1991లో మూతపడింది. దాసరి నారాయణరావు గారు 1984లో పెట్టిన ఉదయం పదకొండేళ్లు తిరక్కుండానే ఆగిపోయింది. ఆంధ్రజ్యోతి 2000 చివర మూతపడి 2002లో మళ్లీ తెరుచుకుంది. 2020 లాక్‌డౌన్‌లో పేజీలు కుదించి, జిల్లా అనుబంధాలను ప్రధాన పత్రికలో కలిపేసినప్పుడు ఇంటికెళ్లినవాళ్లలో చాలామంది పనిలో లోటు లేనివాళ్లే.

దీన్నుంచి నేను తీసేది నిరాశ కాదు, ఒక లెక్క. యజమాని భవిష్యత్తు మన చేతిలో లేనప్పుడు, ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మనతో పాటు వచ్చే సరుకేదో మన దగ్గరుండాలి. భాష వస్తుంది. కానీ భాష అందరి దగ్గరా ఉంది. పక్కవాడి దగ్గర లేనిదేమిటన్నదే ప్రశ్న. ఎలకుర్రు, కౌతరం, పెదపారుపూడి అన్నీ గుడివాడ చుట్టూ గంట ప్రయాణంలో ఉన్న ఊళ్లు. కాశీనాథుని, కౌతరం వారైన సంపాదకులు నార్ల వెంకటేశ్వరరావు, రామోజీరావు గార్లు ముగ్గురూ బొంబాయికో, మద్రాసుకో, విశాఖకో పోయి పైకొచ్చారు కదా, మరి మమ్మల్ని ఊళ్లోనే ఉండమంటారేమని అడగవచ్చు. ఊళ్లో ఉండమనడం లేదు. వాళ్లు వెళ్లేటప్పుడు ఏదో ఒకటి పట్టుకెళ్లారని గుర్తు చేస్తున్నాను. పంతులు గారికి వ్యాపారం తెలుసు. నార్ల గారు ఆంధ్రప్రభలోకీ, 1960లో విజయవాడ ఆంధ్రజ్యోతిలోకీ దేశదేశాల రాజకీయం, చరిత్ర చదివిన బుర్రతో వెళ్లారు. ఆయన వాడుక భాషను మెచ్చుకునేవాళ్లు ఆ చదువును మర్చిపోతారు.

ఉద్యోగాలు పట్నం నుంచి మండలానికి నడిచొచ్చిన కాలం కూడా ఒకటుంది. 1989 నుంచి ఈనాడు జిల్లాకో చిన్న పత్రిక ఇవ్వడం మొదలుపెట్టాక, ప్రతి మండలంలోనూ ఒక మనిషి అవసరమయ్యాడు. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. భారతీయ పత్రికల మీద పరిశోధించిన ఆస్ట్రేలియా ప్రొఫెసర్ రాబిన్ జెఫ్రీ ఈ తెలుగు ప్రయోగాన్ని దేశానికంతటికీ ఉదాహరణగా చూపించారు. బోరింగు చెడిపోయిన సంగతి, బడికి మాస్టారు రాని సంగతి అచ్చులో చూసుకోవడం పల్లెకు కొత్త. ఆ మేలును తక్కువ చేయను. అయితే ఆ మండల విలేకరికి దొరికింది ఉద్యోగమేనా? చాలాచోట్ల అతను లైన్ అకౌంట్ మనిషి. అచ్చయిన వార్త పొడవును కొలిచి నెలాఖరుకు లెక్క కడతారు. రోజంతా తిరిగినా ఆ వార్తకు పేజీలో చోటు దొరక్కపోతే ఆ రోజు కూలి లేదు. నియామక పత్రం ఉండదు, పీఎఫ్ ఉండదు. ఉండేది ఒక గుర్తింపు కార్డు, అదృష్టం బాగుంటే ప్రభుత్వం ఇచ్చే అక్రిడిటేషన్, దాంతో బస్సు పాసు.

చట్టం లేదా అంటే ఉంది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పని గంటలు, సెలవులు, జీతాల బోర్డు అన్నీ చెప్పింది. కానీ జర్నలిజమే ముఖ్య వృత్తి అయినవాడికే ఆ రక్షణ. మండల విలేకరి పేరుకు ఎల్ఐసీ ఏజెంటో, ట్యూషన్ మాస్టారో, ఎరువుల కొట్టు యజమానో అయి ఉంటాడు కాబట్టి ఇది అతని ఉపవృత్తి అని తేల్చేయడం సంస్థకు సులువు. మజీఠియా జీతాల బోర్డు సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేసింది, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది, అమలు చేయని యాజమాన్యాల మీద కోర్టు ధిక్కార పిటిషన్లు 2017 దాకా నడిచాయి. అంత పోరాటం జరిగినా ఆ ఫలం లైన్ అకౌంట్ దాకా దిగి రాలేదు. ఇప్పుడు ఆ 1955 చట్టాన్నే 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపేశారు.

ఇంకో చిక్కుంది, జీతం లేకపోవడం కన్నా పెద్దది. ఉగాదికీ, సంక్రాంతికీ, పత్రిక వార్షికోత్సవానికీ చాలాచోట్ల విలేకరికి ప్రకటనల టార్గెట్ ఉంటుంది. మండలంలో ప్రకటన ఇవ్వగలిగినవాళ్లెవరు? చేపల చెరువుల ఆసామి, ప్రైవేటు కాలేజీ, నర్సింగ్ హోం, సర్పంచి. వార్త రాయాల్సింది కూడా వాళ్ల మీదే. శుభాకాంక్షల ప్రకటన కోసం సోమవారం ఎవరి గుమ్మం ఎక్కామో, చెరువు వ్యర్థం పంట కాలువలోకి వదిలిన సంగతి మీద మంగళవారం వాళ్లనే వివరణ అడగాలి. అందుకని మండల విలేకరి పని మానేయమంటానా? అననుగాక అనను. దాన్ని ఉద్యోగమని మాత్రం నమ్మొద్దంటాను. మరో ఆదాయం పెట్టుకుని, గడువు పెట్టుకుని చేరితే, అంతకంటే మంచి బడి లేదు. ఎఫ్ఐఆర్ చదవడం, పంచాయతీ తీర్మానం పుస్తకం తిరగేయడం, తహసీల్దారు చెప్పినదాన్ని అడంగల్‌తో సరిపోల్చుకోవడం ఏ యూనివర్సిటీ నేర్పగలదు? 1954లోనే ఉస్మానియాలో జర్నలిజం శాఖ మొదలైంది. ఎన్నో మంచి పనులు చేసింది. కానీ మండలాఫీసు వరండా పాఠం తరగతి గదిలో చెబితే వచ్చేది కాదు.

ఇక విషయానికొస్తాను. విషయం తెలియడమంటే ఏమిటో కొల్లేటి నుంచే చూపిస్తాను. మన మండవల్లి మండలం వార్తల్లోకెక్కితే సాధారణంగా రెండే సందర్భాలు, వరదలు, ఐదో కాంటూరు. 1999 అక్టోబరులో జీవో 120తో ఐదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, సుమారు 77 వేల ఎకరాలను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సార్ గుర్తింపు వచ్చింది. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. కాంటూరును ఐదు నుంచి మూడుకు తగ్గించాలన్న హామీ అప్పటి నుంచీ ప్రతి ఎన్నికల సభలోనూ వినిపిస్తూనే ఉంది. ఈ నాలుగు వాక్యాలూ ఎవరైనా రాస్తారు. కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఇన్ని అడుగుల ఎత్తున గీసిన గీత అనీ, పది అడుగుల గీత దాకా లెక్కేస్తే సరస్సు 901 చదరపు కిలోమీటర్లనీ, ఆ గీత లోపల ప్రభుత్వ భూమితో పాటు సొంత హక్కున్న జిరాయితీ పట్టాలూ, ప్రభుత్వం సాగుకిచ్చిన డీ-ఫారం పట్టాలూ కలిసి ఉన్నాయనీ, వాటి హక్కులు వేరువేరనీ తెలిసినవాళ్లు రాస్తే అది వేరే వార్త. అభయారణ్యంలో జిరాయితీ రైతు పరిస్థితి, ఆక్రమణదారు పరిస్థితి ఒకటి కాదు. ఆ తేడా తెలియని కథనం రైతుకూ అన్యాయం చేస్తుంది, పక్షికీ అన్యాయం చేస్తుంది.

2024 సెప్టెంబరు మొదటి వారం సంగతి ఆలోచించండి. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగింది. దేశంలోని పత్రికలన్నీ సింగ్ నగర్‌లో దిగాయి. ఆ నీరు అక్కడితో ఆగదని, బుడమేరు వచ్చి కలిసేది కొల్లేట్లోనని, తమ్మిలేరు, రామిలేరు కూడా అక్కడికే వస్తాయని, సముద్రంలోకి పోవడానికి ఉన్న పెద్ద దారి ఉప్పుటేరు ఒక్కటేనని తెలిసినవాళ్లకు తర్వాతి వార్త ఎక్కడ పుడుతుందో ముందే తెలుసు. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతని రాయడం తేలిక, ఫోన్ చేస్తే అధికారి చెబుతాడు. ఏ మట్టం దగ్గర పెనుమాకలంక దారి మునుగుతుంది, వంతెన ఖానాల్లో గుర్రపుడెక్క, కిక్కిస ఎంత పేరుకుంది, దాన్ని తీయించాల్సిన శాఖ ఏది అన్నవి ముందే రాసిపెట్టుకున్న మనిషి ఆ వారం ఏ పత్రికకైనా కావాలి. కేవలం పత్రికకే కాదు, విపత్తు నిర్వహణ వాళ్లకు, సహాయం పంచడానికొచ్చిన స్వచ్ఛంద సంస్థకు, బీమా కంపెనీకి కూడా కావాలి.

రొయ్య సంగతీ అంతే. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఈ ప్రాంతం మొత్తం కౌంట్ ధరల గురించే మాట్లాడింది. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య, కాబట్టి సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఇది ఇక్కడ పదో తరగతి పిల్లాడికి తెలుసు. పట్నం డెస్కులో తెలియకపోతే 100 కౌంట్ కన్నా 30 కౌంట్ తక్కువ రకమని శీర్షిక పడిపోతుంది. ధర ఎవరు నిర్ణయిస్తారు, ప్రాసెసింగ్ ప్లాంటుకూ చెరువు గట్టుకూ మధ్య ఎందరున్నారు, మేత బస్తా అప్పు మీద ఎంత వడ్డీ పడుతుంది అన్నవి వరసగా రాయగలవాళ్లు ఇంగ్లిషు వ్యాపార పత్రికల్లో కూడా అరుదు.

ఏలూరు మనకు ఇంకా గట్టి సాక్ష్యమిస్తుంది. 2020 డిసెంబరు 5 నుంచి ఆ ఊళ్లో జనం మూర్ఛలతో కుప్పకూలారు. కొద్ది రోజుల్లో ఆరు వందలకు పైగా ఆసుపత్రి పాలయ్యారు. వింత వ్యాధి అని పేరు పెట్టి అందరూ అదే రాశారు. నీటిలో క్లోరిన్ అన్నారు, దోమల మందన్నారు, పూటకో కారణం మారింది. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. ఆపై నిపుణుల దృష్టి పురుగు మందుల అవశేషాల మీదకు మళ్లింది. ఆ వారంలో పత్రికకు కావాల్సింది ఆవేశంగా రాయగల మనిషి కాదు, ల్యాబు నివేదికలో ఫలానా పదార్థం ఎంత ఉంది, ఎంత ఉంటే ప్రమాదం, నమూనా ఎప్పుడు తీశారు అని మూడు ప్రశ్నలు వేయగల కెమిస్ట్రీ డిగ్రీ పిల్ల. ఆసుపత్రి పక్షాన, మున్సిపాలిటీ పక్షాన మాట్లాడేవాళ్లకూ అదే లోటు. ఏం తెలుసు, ఏం తెలియదు, మళ్లీ ఎప్పుడు చెబుతాం అని రోజుకు రెండుసార్లు ఒకే గొంతుతో చెప్పే మనిషి ఉంటే ఊళ్లో సగం భయం తగ్గేది. బీఎస్సీ చదివినవాళ్లు జర్నలిజం మనది కాదనుకోవడం, తెలుగు ఎంఏలు అది తమదేననుకోవడం రెండూ మానుకోవాలి.

ఇక్కడికి పీఆర్ దగ్గరకొచ్చాం. పత్రిక గురించి ఆశగా మాట్లాడే పెద్దలు పీఆర్ అనగానే ముఖం చిట్లిస్తారు. అబద్ధాలకు అత్తరు పూసే పని కదా అంటారు. అలాంటి పని చేసేవాళ్లున్నారు, కాదనను. అయితే ఈ వృత్తి మొదలైన తీరు వేరు. 1906లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి యాభైమందికి పైగా చనిపోయినప్పుడు, కంపెనీ తరఫున ఐవీ లీ అనే మనిషి జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకు పంపించాడు. ఈనాటి ప్రెస్‌నోట్‌కు అదే ఆద్యమంటారు. అదే లీ తర్వాతి జీవితంలో పెద్ద కంపెనీల కొమ్ము కాశాడన్నదీ నిజమే. పనిముట్టు ఒకటే, పట్టుకున్న చేతిని బట్టి ఉంటుంది. మన రాష్ట్రంలో సమాచార పౌర సంబంధాల శాఖ ఉంది, జిల్లాకో పౌర సంబంధాల అధికారి (డీపీఆర్ఓ) ఉంటారు. సమాచార హక్కు చట్టం 2005 నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడక్కుండానే తన వివరాలు బయటపెట్టాలి. అది సక్రమంగా రాసిపెట్టే మనుషులు లేక ఎన్ని ఆఫీసుల్లో ఆ పుటలు పాతబడి ఉన్నాయో చూడండి. ఆక్వా మేత కంపెనీలు, ఎగుమతి సంస్థలు, కార్పొరేట్ ఆసుపత్రులు, ప్రైవేటు యూనివర్సిటీలు, అటవీ శాఖ ప్రాజెక్టులు, అన్నిచోట్లా రాసేవాళ్లు కావాలి. అక్కడ అడిగేదీ ఇదే: మా పని నీకు అర్థమవుతుందా? రొయ్యల ఎగుమతి కంపెనీకి యాంటీబయాటిక్ అవశేషాల మీద విదేశీ కొనుగోలుదారు లేవనెత్తిన అనుమానానికి జవాబు రాయడానికి కవిత్వం అక్కరకు రాదు.

నామీదకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. విషయం తెలిస్తే చాలా, కులం, సిఫార్సు మాటేమిటి అంటారు. సూటిగా చెప్పుకుందాం, తెలుగు న్యూస్‌రూముల్లో పైకుర్చీల్లో ఎవరున్నారో లెక్కేస్తే ఆ అనుమానం ఊరికే పుట్టలేదని తెలుస్తుంది. ఆడవాళ్లకు మండల విలేకరి పని ఇవ్వడానికి ఇప్పటికీ వెనకాడతారు, రాత్రి ప్రమాదాలకు పోగలదా అని అడుగుతారు. విషయ జ్ఞానం ఈ గోడను కూల్చదు. కానీ గోడకు పక్క దారి ఇస్తుంది. దళిత యువకుడికో, వడ్డెర్ల అమ్మాయికో తెలుగు డెస్కులో తలుపు తెరుచుకోకపోయినా, కొల్లేటి మీద తాను పోగేసిన ఫైలుతో ఇంగ్లిషు పత్రికకో, పర్యావరణ సంస్థకో నేరుగా రాసుకోవచ్చు. అక్కడ కూడా వివక్ష ఉంటుంది, కానీ ఫైలును పక్కన పెట్టడం పేరును పక్కన పెట్టినంత తేలిక కాదు.

అన్నట్టు, ఇంగ్లిషు. దాన్ని దాటవేయడానికి లేదు. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి జర్నలిజం పాఠశాలలు పెట్టే ప్రవేశ పరీక్షల్లో ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదం ఉంటుంది. చాలామంది పోయేది అక్కడే. రోజుకో ఇంగ్లిషు వార్తను తెలుగు చేసుకుని, మర్నాడు తెలుగు పత్రికలో అదే వార్త ఎలా వచ్చిందో పోల్చుకోవడం ఖర్చులేని సాధన. ఆ పాఠశాలల్లో చదువుకు ఎదురు భృతి ఇస్తారు, అది వరమే. చేరేముందు ఎన్నేళ్లు అక్కడే పనిచేస్తామని సంతకం పెడుతున్నామో మాత్రం ఒప్పంద పత్రం చదివి తెలుసుకోవాలి. వార్తను వెంటాడబోయేవాడు తన కాగితం తాను చదవకపోతే ఎలా?

కృత్రిమ మేధ ప్రెస్‌నోట్లు రాసేస్తోంది, ఇక మా అవసరమేమిటన్నది సరికొత్త ప్రశ్న. దీనికి నా జవాబు నా వాదనకు అనుకూలమే కాబట్టి కాస్త అనుమానంగానే వినండి. అందమైన వాక్యం రాయడమే ఉద్యోగమనుకున్నవాళ్లకు అది నిజంగా ముప్పు. శుభాకాంక్షల ప్రకటన, వర్ధంతి వార్త, మంత్రి పర్యటన నోటు, ఇవన్నీ యంత్రం రాస్తుంది, కొన్నిసార్లు మనకన్నా తప్పుల్లేకుండా. కానీ పెదఎడ్లగాడి దగ్గర ఈ ఉదయం ఎన్ని ఖానాలు పూడుకుపోయాయో ఎవరో వెళ్లి చూసి చెప్పేదాకా ఏ యంత్రానికీ తెలియదు. కింది స్థాయి డెస్కు ఉద్యోగాలు తగ్గుతాయి, వెళ్లి చూసొచ్చేవాళ్ల విలువ తగ్గదు. వాళ్లకు తగిన డబ్బు ఎవరిస్తారన్నదే తేలని సంగతి. దాన్ని నేను తేల్చలేను. యాజమాన్యాలు లైన్ అకౌంట్ వదిలి కనీస నెల జీతం, నియామక పత్రం ఇవ్వనంతకాలం పల్లె వార్త ప్రకటనదారు దయ మీదే ఉంటుందని మాత్రం చెప్పగలను.

కాబట్టి ఈ ఏడు డిగ్రీ పూర్తి చేస్తున్నవాళ్లు బయోడేటా ముందు పెట్టకండి. కొల్లేరో, రొయ్య ధరో, ఏలూరు తాగునీరో, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టో, ఒక్కటి పట్టుకోండి. ఆరు నెలలు దాని మీద జీవోలు, తీర్మానాలు, సమాచార హక్కు జవాబులు, ధరల పట్టికలు పోగేయండి. అందులోంచి రెండు వార్తలు, ఒక ఇంగ్లిషు పేజీ, ఒక ప్రెస్‌నోటు రాసి దరఖాస్తుకు జతచేయండి. మండల విలేకరిగా చేరే అవకాశం వస్తే చేరండి, రెండేళ్లకు మించకుండా, ఇంకో ఆదాయం చేతిలో పెట్టుకుని. ఈలోగా డెస్కు నుంచో, జర్నలిజం పాఠశాల నుంచో పిలుపు రాకపోతే అదే ఫైలు తీసుకుని సమాచార శాఖ నోటిఫికేషన్ కోసం చూడండి, ఆక్వా కంపెనీ గేటు దగ్గరకో, ఆసుపత్రి ఆఫీసుకో, పర్యావరణ సంస్థ దగ్గరకో వెళ్లండి. మూడో ఏడు మాత్రం లైన్ అకౌంట్ మీద గడపకండి.